రైతుబంధు అందినోళ్ళకి అప్పు తక్కువుంది, కానీ రైతుబంధు వల్లేనా?

ఉత్తరం: "అక్కా, నేను వరంగల్ వైపు ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నా. టాపిక్ ఏంటంటే రైతుబంధు వల్ల రైతుల ప్రైవేటు అప్పులు తగ్గాయా లేదా అని. రెండు మండలాల్లో 240 మంది రైతుల్ని కలిసి ప్రశ్నాపత్రం నింపుకొచ్చా. రిగ్రెషన్ (ఒకటి మారితే ఇంకోటి ఎంత మారుతుందో చూసే లెక్క) వేస్తే రైతుబంధు అందినవాళ్ళకి షావుకారు అప్పు తక్కువ అని వచ్చింది, మూడు స్టార్లు (ఇది ఊరికే కాకతాళీయం కాకపోవచ్చని సాఫ్ట్‌వేర్ పెట్టే గుర్తు) కూడా పడ్డాయి. సంబరంగా గైడ్ గారికి చూపిస్తే 'ప్రభావం అని రాయకు, సంబంధం అని రాయి' అన్నారు. సీనియర్ ఒకాయన వర్షపాతాన్ని ఇన్‌స్ట్రుమెంట్‌గా వాడమంటున్నాడు. ఫ్రెండేమో ఆంధ్రతో పోల్చి డిఫరెన్స్ ఇన్ డిఫరెన్స్ చేస్తే అయిపోద్ది అంటోంది. నాకు మ్యాథ్స్ అంతంతమాత్రం. ఏదో ఒక్క మెథడ్ చెప్పు అక్కా, అదే కూర్చుని నేర్చుకుంటా."

చెల్లీ, మెథడ్ పేరు చెప్పమన్నావు కానీ నేను నిన్ను తిరిగి ఒకటి అడుగుతా. నీ 240 మందిలో రైతుబంధు రానోళ్ళు ఎవరు? వాళ్ళకి ఎందుకు రాలేదు? ఇంత ఉత్తరం రాసి ఆ ఒక్క ముక్క రాయలేదు నువ్వు, నీ గైడ్ గారు అడ్డం పడిందీ అక్కడే అనుకుంటా, కాకపోతే ఆయన విడమర్చి చెప్పలేదు.

రైతుబంధు డబ్బు ఎవరికి పడింది? పట్టాదారుకి. తెలంగాణ సర్కారు 2018 మే నుంచి సీజన్‌కి ఎకరానికి 4000 ఇచ్చింది, తర్వాత 5000 చేశారు, పాస్‌బుక్‌లో పేరుంటే పడేది లేకపోతే లేదు, ఎవరు దున్నుతున్నారు అన్నదాంతో పని లేదు. అంటే నీ లిస్టులో రానోళ్ళు అంటే చాలావరకు కౌలు రైతులు, మిగిలినవాళ్ళు ఏదో గెట్టు పంచాయితీ వల్లో కోర్టు కేసు వల్లో పార్ట్ బి లో, అంటే చిక్కు తేలని భూముల లిస్టులో, పడి పాస్‌బుక్ రానోళ్ళు, ఇంకా ఏ పట్టా లేకుండా పోడు చేసుకునేవాళ్ళు. ఇప్పుడు చెప్పు, కౌలు రైతుకి బ్యాంకులో పంట రుణం ఇస్తారా? పాస్‌బుక్ లేనిదే మేనేజరు మొహం కూడా చూడడు. కాబట్టి వాడు విత్తనాలకీ మందులకీ ఫర్టిలైజర్ షాపులో ఉద్దెర పెట్టాల్సిందే, లేదా రెండు రూపాయల మిత్తికో మూడు రూపాయల మిత్తికో తేవాల్సిందే. ఇదే ప్రశ్నాపత్రం పట్టుకుని నువ్వు 2017లో, అంటే రైతుబంధు అనే మాటే పుట్టకముందు పోయి ఉంటే, అప్పుడు కూడా పట్టాదారుకి షావుకారు అప్పు తక్కువ, కౌలుదారుకి ఎక్కువ అనే వచ్చేది. స్టార్లు కూడా పడేవి. నువ్వు కొలిచింది రైతుబంధుని కాదు, భూమి ఉండటాన్ని.

దీన్నే సెలెక్షన్ బయాస్ అంటారు. పేరు పెద్దది, సంగతి మాత్రం కల్లందగ్గర కూర్చున్న ఏ ముసలాయనైనా చెప్పేదే.

నేను కూడా మొదట్లో ఇదే చేశా, నవ్వకు. పొదుపు సంఘంలో ఉన్న ఆడవాళ్ళ ఇళ్ళల్లో పిల్లలు బడి మానడం తక్కువ అని పేజీలకి పేజీలు రాసేసి, వైవాలో ఒక పెద్దాయన "అసలు సంఘంలో చేరింది ఎవరమ్మా, చేరనిది ఎవరమ్మా" అనడిగితే నోట్లోంచి మాట రాలేదు. నెలనెలా పొదుపు కట్టగలిగిన ఇల్లు పిల్లల్ని బడికి కూడా పంపగలదు కదా, అంతే. ఆ రోజు నుంచి ఏ పథకం మీద పేపర్ చూసినా ముందు రిజల్ట్స్ టేబుల్ చూడను, పథకం ఎవరికి ఎలా అందిందో రాసిన పేరా వెతుక్కుంటా. ఆ పేరా లేకపోతే ఇక చదవను.

నువ్వు అంటావు, "కంట్రోల్స్ పెట్టానక్కా, ఎకరాలు పెట్టా, చదువు పెట్టా, కులం పెట్టా" అని, అంటే ఆ తేడాల్ని లెక్కలోంచి పక్కకి తీశానని. పెట్టు, మంచిదే, కానీ పట్టా ఉన్న రెండెకరాల రైతుకీ పట్టా లేకుండా రెండెకరాలు కౌలుకి చేసే రైతుకీ మధ్య తేడా ఎకరాల కాలమ్‌లో దొరకదు. పైగా నీ కంట్రోల్స్‌లో ఈ ఏడాది ఏం పంట వేశాడు, బోరు వేయించాడా, ఆదాయం ఎంత లాంటివి కూడా ఉన్నాయేమో చూసుకో, ఉంటే తీసేయ్. ఎందుకంటే రైతుబంధు డబ్బు వచ్చాక వాడు పత్తి మానేసి మిర్చి వేసుండొచ్చు, బోరు వేసుండొచ్చు. డబ్బు పనిచేసే దారి అదే అయితే ఆ దారినే నువ్వు కంట్రోల్ పెట్టి మూసేసినట్టు. దీన్ని బ్యాడ్ కంట్రోల్ అంటారు. ఒకటే గుర్తు, పథకం మొదలైన తర్వాత మారగలిగేది ఏదీ కంట్రోల్‌గా పనికిరాదు, ముందే ఉన్నవే పెట్టుకోవాలి.

మరి లాటరీ తీసి పంచుంటే ఈ గోలే ఉండేది కాదు. చిట్టీల్లో వచ్చినోళ్ళూ రానోళ్ళూ మొదట్లో ఒకేలా ఉంటారు కాబట్టి తర్వాత వచ్చిన తేడా డబ్బుదే. ఇలాంటి లాటరీలు మన దగ్గర జరిగినన్ని ఇంకెక్కడా జరగలేదేమో అనిపిస్తది నాకు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 నుంచి 300 సర్కారు బడుల్ని లాటరీ మీద విడదీసి కొన్నిట్లో పిల్లల మార్కులు పెరిగితే టీచర్లకి బోనస్ ఇచ్చారు, కార్తీక్ మురళీధరన్, వెంకటేష్ సుందరరామన్ చేసింది, రెండేళ్ళకి ఆ బడుల పిల్లలు లెక్కల్లోనూ భాషలోనూ ముందున్నారు. వాళ్ళిద్దరే 180 ఊళ్ళలో ప్రైవేటు బడి వోచర్లు లాటరీ తీశారు, నాలుగేళ్ళ తర్వాత చూస్తే ప్రైవేటుకి పోయిన పిల్లలకి తెలుగులో లెక్కల్లో పైసా తేడా లేదు, హిందీలో మాత్రం ఎక్కువ మార్కులు, ఖర్చేమో సర్కారు బడి ఖర్చులో మూడో వంతు కూడా లేదు. తెలుగూ లెక్కలే పరీక్ష పెట్టుంటే ఏ తేడా లేదని రాసి ఊరుకునేవాళ్ళు కదా, ఏం కొలవాలో ముందే ఆలోచించుకోవడం కూడా మెథడ్‌లో భాగమే. తర్వాత ఉపాధి హామీ కూలీకి, పెన్షన్లకి బయోమెట్రిక్ స్మార్ట్‌కార్డులు తెచ్చినప్పుడు 8 జిల్లాల్లో 157 మండలాల్ని, దాదాపు 1.9 కోట్ల జనాన్ని, ఏ మండలానికి ముందు ఏ మండలానికి వెనక అని లాటరీ మీద పెట్టారు, ముందు పెట్టిన మండలాల్లో కూలీ డబ్బులు తొందరగా అందాయి, మధ్యలో మింగేది తగ్గింది. హైదరాబాద్‌లో 104 బస్తీలు తీసుకుని సగం బస్తీల్లో మైక్రోఫైనాన్స్ ఆఫీసులు పెట్టించి చూసింది ఇంకోటి, అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో వాళ్ళది, కొంతమంది వ్యాపారంలో పెట్టుబడి పెంచారు తప్ప ఆడవాళ్ళ బతుకులు మారిపోయాయన్న ప్రచారానికి ఆధారం దొరకలేదు.

రైతుబంధుకి లాటరీ లేదు. ఒకేసారి రాష్ట్రమంతా ఇచ్చారు. కాబట్టి లాటరీ లాంటిది ఏదైనా దానంతటదే జరిగిందా అని వెతకాలి, అన్ని మెథడ్లూ ఈ వెతుకులాటకి పెట్టుకున్న పేర్లే.

మీ సీనియర్ చెప్పిన వర్షం సంగతి ముందు తీసేద్దాం. ఇన్‌స్ట్రుమెంట్ అంటే ఏంటి, అది డబ్బు అందడాన్ని కదిలించాలి, అప్పుని మాత్రం ఆ డబ్బు దారిలో తప్ప వేరే ఏ దారిలోనూ కదిలించకూడదు. వర్షానికీ రైతుబంధుకీ సంబంధమే లేదు, వానలు పడ్డా పడకపోయినా ఎకరానికి అంతే. అప్పుతో మాత్రం వర్షానికి నేరుగా సంబంధం, వాన రాకపోతే మళ్ళీ విత్తనం పెట్టాలి, మళ్ళీ ఉద్దెర. రెండు షరతుల్లో రెండూ ఫెయిల్. అసలు వర్షం వాడటం మీదే ఓ మంచి హెచ్చరిక ఉంది, వానలు తగ్గితే ఆదాయం తగ్గి గొడవలు పెరుగుతాయని చాలామంది రాస్తుంటే హెదర్ సార్సన్స్ అనే ఆవిడ 2015లో మన దేశంలో డ్యాముల కింద ఉన్న జిల్లాలు తీసి చూసింది. అక్కడ కాలువ నీళ్ళు ఉంటాయి కాబట్టి వాన తగ్గినా ఆదాయం పెద్దగా తగ్గదు, అయినా వాన తగ్గిన ఏడు అక్కడ కూడా మత ఘర్షణలు పెరిగాయి. అంటే వర్షం ఆదాయం దారిలో కాకుండా వేరే దారిలో కూడా పనిచేస్తోంది. మీ సీనియర్‌కి ఇది మర్యాదగా చెప్పు. మంచి ఇన్‌స్ట్రుమెంట్ దొరకడం అదృష్టం, దొరక్కపోతే లాక్కొచ్చి పెట్టకూడదు.

కటాఫ్ మెథడ్, అదే రిగ్రెషన్ డిస్కంటిన్యుటీ, నీ ఉత్తరంలో లేదు కానీ ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. గీతకి ఇటు పక్క అటు పక్క ఉన్నోళ్ళు దాదాపు ఒకేలా ఉంటారు కాబట్టి పోల్చొచ్చు అన్నది దాని కిటుకు. కేంద్రం ఊళ్ళకి రోడ్లు వేసే పీఎంజీఎస్‌వై పథకంలో జనాభా 500 దాటితే, 1000 దాటితే ఊరికి ముందు రోడ్డు అన్న రూల్ ఉండేది, ఆషర్, నొవోసాద్ అని ఇద్దరు ఆ రూల్‌ని నిజంగా పాటించిన రాష్ట్రాల్నే తీసుకుని ఆ గీత దగ్గర ఊళ్ళని పోలిస్తే రోడ్డొచ్చాక జనం పొలం పనుల్లోంచి బయటి పనులకి వెళ్ళారు తప్ప ఊరి ఆదాయం పెద్దగా మారలేదని తేలింది. కానీ రైతుబంధుకి గీత ఎక్కడుంది? ఎకరాల పరిమితే లేదు, రెండెకరాలున్నా యాభై ఎకరాలున్నా ఇచ్చారు. గీత లేనిచోట గీత మెథడ్ లేదు. ఒక్క ముక్కలో అయిపోయింది.

ఇక మీ ఫ్రెండ్ చెప్పింది. ఇది కాస్త ఓపిగ్గా చూడాలి ఎందుకంటే ఇందులో నిజంగా పస ఉంది, గుంటలు కూడా ఉన్నాయి.

డిఫరెన్స్ ఇన్ డిఫరెన్స్ అంటే తెలంగాణలో ముందుకీ తర్వాతకీ వచ్చిన మార్పులోంచి ఆంధ్రలో వచ్చిన మార్పు తీసేయడం. అది పనిచేయాలంటే రైతుబంధు లేకపోయుంటే రెండు రాష్ట్రాలూ ఒకే దారిలో నడిచేవి అని నమ్మాలి. కేంద్రం చేసే ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ శాంపిల్ సర్వే) రైతుల సర్వే రైతుబంధుకి ముందోటి, తర్వాతోటి ఉంది కదా, 2013ది 70వ రౌండ్, 2019ది 77వ రౌండ్. అప్పుల్లో ఉన్న రైతు కుటుంబాలు 2013లో తెలంగాణలో 89.1 శాతం, ఆంధ్రలో 92.9. 2019లో తెలంగాణలో 91.7, ఆంధ్రలో 93.2. నువ్వే తీసివెయ్. తెలంగాణలో 2.6 పెరిగింది, ఆంధ్రలో 0.3, తేడా 2.3. అంటే రైతుబంధు వల్ల అప్పులున్న ఇళ్ళు 2.3 పాయింట్లు పెరిగాయా? మీ ఫ్రెండ్ చెప్పినట్టు కళ్ళు మూసుకుని చేస్తే వచ్చే జవాబు ఇదే, వైవాలో ఇది చూపిస్తే రాజకీయంగా కూడా రచ్చే.

ఎక్కడ తేడా కొట్టింది? ఒకటి, ఆ రెండు సర్వేల మధ్య ఆరేళ్ళలో రాష్ట్రమే విడిపోయింది. రెండు రాష్ట్రాల్లోనూ 2014లో రుణమాఫీ ప్రకటించారు, తెలంగాణలో లక్ష దాకా, ఆంధ్రలో లక్షన్నర దాకా, అదీ విడతలవారీగా సాగింది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటల ఉచిత కరెంటు, ఆగస్టులో రైతు బీమా. ఇవన్నీ రైతుబంధుతో పాటే వచ్చాయి, వీటిలో ఏది ఏం చేసిందో ఈ తీసివేత నీకు చెప్పదు. రెండోది, సర్వేలో రైతు కుటుంబం అంటే ఎవరన్న లెక్క కూడా మారింది, 2013లో ఏడాదికి పంట విలువ 3000 దాటాలి, 2019లో 4000 దాటాలి. మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యం. "అప్పు ఉందా లేదా" అన్నది అసలు తప్పు ప్రశ్న. పదిళ్ళల్లో తొమ్మిదిళ్ళకి అప్పున్న చోట ఉందా లేదా అని అడిగితే ఏం తెలుస్తది. రైతుబంధు వచ్చినంత మాత్రాన రైతు అప్పు మానేయడు, మహా అయితే జూన్‌లో విత్తనాలకి తెచ్చే మిత్తి డబ్బు తగ్గుద్ది, లేదా అదే డబ్బుకి ఇంకో బస్తా మందు ఎక్కువ చల్లుతాడు. పథకం పేరే పంట పెట్టుబడి సాయం కదా, దాన్నే కొలువు.

నాలుగోది ఆంధ్ర శుభ్రమైన పోలిక కాదు. 2019 ఫిబ్రవరిలో పీఎం కిసాన్ దేశమంతా వచ్చింది, అదే నెలలో ఆంధ్రలో అన్నదాత సుఖీభవ, అక్టోబర్ నుంచి వైఎస్సార్ రైతు భరోసా. ఈ పేర్లతో ఇప్పుడు ఇంకో తలనొప్పి, తెలంగాణలో రైతుబంధు పేరు మారి రైతు భరోసా అయింది, ఆంధ్రలో మళ్ళీ అన్నదాత సుఖీభవ వచ్చింది. నీ థీసిస్‌లో రాష్ట్రమూ ఏడాదీ పక్కన రాయకుండా పథకం పేరు ఒక్కటే రాశావంటే చదివేవాడు ఖాయంగా బోల్తా పడతాడు. పోనీ వేరే పొరుగు రాష్ట్రాలు తీసుకుందామంటే మహారాష్ట్రలో 2017లో రుణమాఫీ, కర్ణాటకలో 2018లో రుణమాఫీ, ఛత్తీస్‌గఢ్‌లో 2018 చివర్లో రుణమాఫీ. చుట్టూ ఏ దిక్కు చూసినా ఎవడో ఒకడు రైతు చేతిలో ఏదో పెట్టాడు.

అయినా వదలకు. ఇక్కడే కొంచెం ఓపిక పట్టి తేదీలు పక్కపక్కన పెట్టుకుంటే ఒక సందు కనపడుద్ది. 2018 మేలో రైతుబంధు మొదలు, 2019 ఫిబ్రవరి దాకా ఆంధ్రలో అలాంటిది లేదు. అంటే 2018 వానాకాలం పంట ఒక్కటి, తెలంగాణలో డబ్బు పడి ఆంధ్రలో పడని పంట. ఇప్పుడు 77వ రౌండ్ తెరిచి చూడు, సర్వేవాళ్ళు ఒకే ఇంటికి రెండుసార్లు పోతారు, అందులో మొదటి విజిట్‌లో అడిగింది సరిగ్గా 2018 జులై నుంచి డిసెంబర్ దాకా పంట ఖర్చులూ రాబడీ. 70వ రౌండ్ మొదటి విజిట్ కూడా అలాగే 2012 జులై నుంచి డిసెంబర్. రెండూ వానాకాలమే, రెండూ ఒకే తీరు ప్రశ్నలు. విత్తనం, ఎరువు, పురుగుమందు మీద ఎకరానికి ఎంత ఖర్చు పెట్టాడు అన్నది తీసుకుని తెలంగాణ మార్పులోంచి ఆంధ్ర మార్పు తీసెయ్. ధరలు పెరిగుంటాయి కాబట్టి ద్రవ్యోల్బణం సరిచేసుకో, పత్తి జిల్లాలు పత్తి జిల్లాలతో పోల్చుకో. ఉచిత కరెంటు చిక్కు ఉంటది, దానికి బోర్ల కింద సాగు చేసేవాళ్ళని వేరు, వర్షాధారం వాళ్ళని వేరు చేసి చూడు, వర్షాధారం రైతుకి కరెంటుతో పని లేదు కదా, వాడి దగ్గర కూడా ఖర్చు పెరిగిందంటే అది కరెంటు వల్ల కాదు అని చెప్పుకోవచ్చు. రైతు బీమా చనిపోతే వచ్చే డబ్బు కాబట్టి విత్తనం కొనే చేతిని పెద్దగా కదిలించదని వాదించొచ్చు. ఇలా ఒక్కొక్క అనుమానాన్నీ విడివిడిగా పట్టుకుని సమాధానం చెప్పుకుంటూ పోవడమే ఈ పని, మ్యాథ్స్ తక్కువ, తగువు తీర్చడం ఎక్కువ.

ముందు నుంచీ రెండు ప్రాంతాలూ ఒకే దారిలో నడుస్తున్నాయా అని చూపించాలి కదా, 2003లో 59వ రౌండ్ ఉంది, అప్పుడు ఉమ్మడి రాష్ట్రం, రీజియన్ కోడ్లు పట్టుకుని తెలంగాణ జిల్లాలు విడదీసుకో. 2003 నుంచి 2013 దాకా రెండు వైపులా ఒకేలా కదిలుంటే నీ మాటకి బలం. లేకపోతే ఉన్నదున్నట్టు రాసెయ్, దాచకు.

ఇంకో సంగతి, నీ మూడు స్టార్లు. డబ్బు రాష్ట్రం మొత్తానికి ఒకేసారి పడింది కాబట్టి సర్వేలో వేల ఇళ్ళున్నా నిజానికి నీ దగ్గర ఉన్నవి రెండే రాష్ట్రాలు, అంటే రెండే పరిశీలనలు. ఒక రాష్ట్రంలో రైతులంతా ఒకే వానకి తడుస్తారు ఒకే ధరకి అమ్ముకుంటారు, వాళ్ళని వేలమంది విడివిడి సాక్షులుగా లెక్కేస్తే సాఫ్ట్‌వేర్ ఊరికే స్టార్లు పంచిపెడుద్ది. బెర్‌ట్రాండ్, డఫ్లో, ముల్లైనాథన్ 2004లో ఇదే చూపించారు, లేని చట్టాలు ఉన్నట్టు కల్పించి రిగ్రెషన్ వేసినా చాలాసార్లు స్టార్లు పడ్డాయి. క్లస్టర్ చెయ్ అంటారు, అంటే ఒక రాష్ట్రం వాళ్ళందర్నీ ఒకే గుంపుగా లెక్కేయమని, కానీ రెండు క్లస్టర్లతో అది కూడా పనిచేయదు. దీనికి నాకు నచ్చే చిట్కా చాలా మోటుది. దేశంలో ప్రతి రాష్ట్రమూ రైతుబంధు ఇచ్చినట్టే అనుకుని ఒక్కోదానికీ ఇదే తీసివేత చేసి అన్నీ వరసగా పెట్టు. తెలంగాణ ఆ వరసలో మొదటో రెండోదో వస్తే నీ దగ్గర చెప్పుకోడానికి ఏదో ఉంది. మధ్యలో పదకొండో స్థానంలో వస్తే ఏం లేదు, స్టార్లు ఎన్నున్నా లేదు. ఈ పట్టిక అర్థం చేసుకోడానికి మీ గైడ్‌కీ బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్‌కీ ఎకనామెట్రిక్స్ కూడా అక్కర్లేదు.

అన్ని జిల్లాలకీ ఒకేసారి కాకుండా విడతలుగా వచ్చే పథకాలైతే గొడవ వేరే. ఉపాధి హామీ 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలై ముందు 200 జిల్లాలు, 2007లో ఇంకో 130, 2008లో మిగతావి. అలాంటి చోట పాత పద్ధతిలో ఒక్క రిగ్రెషన్ వేస్తే ముందే పథకం అందిన జిల్లాలు తర్వాత అందినవాటికి పోలికగా మారిపోయి లెక్క తారుమారవుద్ది, ఈ చిక్కు మీద పనిచేసిన గుడ్‌మన్ బేకన్, క్యాలవే, సాంట్‌అన్నా పేర్లు అందుకే వింటుంటావు. నీకు ప్రస్తుతానికి అక్కర్లేదు, ఎవరైనా అడిగితే నాది ఒకేసారి వచ్చిన పథకం అని చెప్పు చాలు.

అసలు నిన్ను ఒకటి చదవమంటా, ఎందుకంటే అది మన నేల మీద పుట్టిన సంగతే, ఆలోచన ఎలా తిరగాలో దానికంటే బాగా చెప్పేది నాకు కనపడలేదు. 2010 అక్టోబర్ గుర్తుందా, నువ్వు చిన్నపిల్లవేమో. మైక్రోఫైనాన్స్ వాళ్ళ వసూళ్ళు, ఆత్మహత్యల వార్తలు, ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది, జనం కట్టడం మానేశారు, ఒక్కసారిగా ఆ వ్యాపారం కుప్పకూలింది. అప్పు ఆగిపోతే పేదవాళ్ళకి ఏమైంది అని తెలుసుకోవాలంటే అందరూ చేసేది ఏంటి, ఆంధ్రప్రదేశ్ జిల్లాలు చూడటం. కానీ ఇక్కడ ఒకేసారి అన్నీ జరిగాయి, అప్పు ఆగింది, పాత బాకీ కట్టక్కర్లేకుండా పోయింది, రాజకీయం నడిచింది, ఏది దేనివల్లో చెప్పలేం. ఎమిలీ బ్రెజా, సింథియా కిన్నన్ ఏం చేశారంటే ఆంధ్రప్రదేశ్‌ని పక్కన పెట్టేసి బయటి రాష్ట్రాల జిల్లాలు చూశారు. ఇక్కడ మునిగిన కంపెనీలకి బయట కూడా శాఖలున్నాయి కదా, వాటికి బ్యాంకులు డబ్బివ్వడం తగ్గించాయి, దాంతో ఎక్కడో వేరే రాష్ట్రంలో, ఏ తప్పూ చేయని, ఏ ఆర్డినెన్సూ లేని జిల్లాలో కూడా అప్పులు ఆగాయి. అదే రాష్ట్రంలో పక్క జిల్లాలో ఆంధ్రప్రదేశ్‌తో లావాదేవీ లేని కంపెనీ ఉంటే అక్కడ అప్పు మామూలుగా నడిచింది. ఈ రెండు రకాల జిల్లాల్ని ముందూ తర్వాతా పోల్చారు. అప్పు ఆగిన చోట రోజు కూలీ రేట్లు పడిపోయాయి, ఇళ్ళ ఖర్చు తగ్గింది, అసలు ఎప్పుడూ అప్పు తీసుకోని కూలీ మీద కూడా దెబ్బ పడింది. మెథడ్ పేరు అడిగితే మీ ఫ్రెండ్ చెప్పిన డిఫరెన్స్ ఇన్ డిఫరెన్సే, కొత్తదేం కాదు. మనం ఇంట్లో వెతుకుతుంటే వాళ్ళు పక్కూరు వెళ్ళి చూశారు, అంతే తేడా.

ఇప్పుడు నీ 240 మంది. పారేయకు, అంత ఎండలో తిరిగి తెచ్చుకున్నావు. రైతుబంధు రాని పార్ట్ బి వాళ్ళు నీ లిస్టులో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టు. వీళ్ళలో కొందరికి 2018లోనే పాస్‌బుక్ రావాల్సింది, ఏదో పేరు తప్పు పడో సర్వే నంబర్ తప్పు పడో ఏడాది రెండేళ్ళు ఆలస్యమైంది. ఆ రైతు పట్టాదారే, భూమి తనదే, బ్యాంకుకి తెలిసినవాడే, డబ్బు ఒక్కటే ఆలస్యంగా పడింది. నీకు పోలిక పెట్టుకోడానికి కౌలు రైతు కంటే వీడు వందరెట్లు మేలు. కానీ జాగ్రత్త, పేరు తప్పు పడటం వేరు, అన్నదమ్ముల తగాదా వేరు. కోర్టు ఖర్చులకే అప్పు చేసినవాడు పోలికకి పనికిరాడు. కాబట్టి మళ్ళీ ఊళ్ళకి పో, ఎందుకు ఆలస్యమైందో ఒక్కొక్కర్నీ అడుగు, అచ్చుతప్పు వాళ్ళనీ తగాదా వాళ్ళనీ వేరుగా రాసుకో. పాత అప్పుల సంగతి అడిగేటప్పుడు "2017లో ఎంత" అంటే ఎవరికీ గుర్తుండదు, నోట్ల రద్దైన తర్వాత వచ్చిన వానాకాలం అని అడుగు, బిడ్డ పెళ్ళి ముందా తర్వాతా అని అడుగు, వీలైతే ఫర్టిలైజర్ షాపాయన ఖాతా పుస్తకం చూపిస్తాడేమో బతిమాలు. అందులో సీజన్ వారీగా ఉద్దెర ఉంటది, నీ ప్రశ్నాపత్రం కంటే అదే నిజం చెప్తది. ఆ లెక్కలు వేరేవాళ్ళకి తెలియనివ్వనని మాటివ్వు, ఆ మాట నిలబెట్టుకో.

కౌలు రైతుల్ని కూడా వదలొద్దు, వాళ్ళది వేరే అధ్యాయం. రైతుబంధు వచ్చాక పట్టాదారు కౌలు పెంచాడా తగ్గించాడా అని అడుగు. డబ్బు నాకెలాగూ పడుతోంది కదా అని తగ్గించాడా, భూమి విలువ పెరిగిందని పెంచాడా. రెండు మండలాలతో ఇది కారణం అని నిరూపించలేవు, కానీ జరిగింది జరిగినట్టు చెప్పినా ఆ అధ్యాయం నేను చదువుతా.

గైడ్ గారి మాట మీద అలగకు. ఇప్పుడున్న టేబుల్‌కి "సంబంధం" అన్నదే సరైన మాట, ఆయన చెప్పింది వంద శాతం కరెక్టు. కానీ ఆ మాట అడ్డం పెట్టుకుని మళ్ళీ చివరి అధ్యాయంలో "కాబట్టి ప్రభుత్వం రైతుబంధు పెంచాలి" అని రాస్తే అది దొంగదారి, సంబంధం అని చెప్పి ప్రభావం అమ్మినట్టు. మన యూనివర్సిటీల్లో సగం థీసిస్‌లు ఇలాగే ఉంటాయి, ఎవరి పేరూ చెప్పను.

ఆర్ (R) అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, అందులో ఫిక్సెస్ట్ (fixest) అనే ప్యాకేజీ ఉంది, నీకు కావాల్సింది దాంట్లో రెండు లైన్లు. డబ్బు పెట్టి కొనే స్టాటా సాఫ్ట్‌వేర్ లేదని బాధపడకు. ఎన్‌ఎస్‌ఎస్ డేటా తెరిచాక వెయిట్లు, అంటే సర్వేలో ఒక్కో ఇల్లు ఎన్ని ఇళ్ళకి బదులో చెప్పే అంకెలు, పెట్టడం మర్చిపోకు, ముందు 89.1, 92.9, 91.7, 93.2 ఈ నాలుగు అంకెలు నీ ఫైల్లోంచి నీకే రావాలి, అవి రాకుండా ముందుకెళ్ళకు. వచ్చాక ఎకరం ఖర్చుల పట్టికా, రాష్ట్రాల వరస పట్టికా వేసి ఉంచు. పార్ట్ బి వాళ్ళ లిస్టులో పాస్‌బుక్ వచ్చిన తేదీ కాలమ్ నింపడం మాత్రం ఈ ఆదివారమే మొదలుపెట్టు, వానలు మొదలైతే మళ్ళీ పొలాల్లో తప్ప ఇళ్ళ దగ్గర ఒక్కడూ దొరకడు.